ఉమ్మడి గోడలో తలుపు

మా వీధిలో అందరూ నమ్ముతున్న సంగతి ఒకటుంది. పోయినేడు నేను ఇల్లు బాగుచేయించినప్పుడు, మా ఇంటికీ మా వదిన ఇంటికీ మధ్య ఉన్న తలుపును సిద్ధాంతి గారు వాస్తు బాగాలేదని మూయించారని. ఆ తలుపు ఇంట్లో మగవాళ్ళకు అచ్చిరాదని ఆయన తేల్చి చెప్పారని. వీధి చివరింటాయన ఈ మాట విని తన ఇంట్లో కూడా అలాంటి తలుపునే ఇటుక పెట్టి మూయించుకున్నాడు.

సిద్ధాంతి గారు ఆ మాట అనలేదు. ఆ మాట నాది. అది ఎందుకు అన్నానో, అది ఎవరి నెత్తిన పడిందో, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మాది నరసరావుపేట. ఇల్లు మా నాన్న కట్టింది. మాచర్ల వైపు నుంచి లారీలో తెప్పించిన నాపరాళ్ళు పరిపించాడు. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా ఆ రాళ్ళ మీద పడుకుంటే వీపు చల్లబడి నిద్ర పట్టేది. మేం ఇద్దరం అన్నదమ్ములం. అన్న సేద్యం చూసుకున్నాడు, నేను ఎరువుల కొట్టు పెట్టుకున్నాను. నా పెళ్ళయిన కొన్నాళ్ళకు వేరుపడ్డాం. తగాదా ఏమీ లేదు. మా నాన్న తను ఉండగానే ఇద్దరికీ ఎవరిది వాళ్ళకు చేసి పోవాలనుకున్నాడు. ఇంటి మధ్యలో గోడ లేపించాడు. వీధి వైపు ఎవరి గుమ్మం వాళ్ళకు పెట్టించాడు.

గోడ నడుం ఎత్తుకు వచ్చిన రోజు వదిన వంటింట్లోంచి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మా నాన్న ఎదురుగా ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"మామయ్యా, గోడ కట్టుకోండి, నేను కాదనను. వంటింటి కాడ మాత్రం ఒక తలుపు పెట్టించండి. కూర గిన్నె పట్టుకుని మనిషి దూరేంత ఉంటే చాలు."

"వేరుపడటమంటే ఏందనుకున్నావమ్మా?" అన్నాడు మా నాన్న.

"వేరుపడింది వాళ్ళిద్దరు. నేనూ మా తోడికోడలూ వేరుపడలేదు" అంది వదిన.

మా నాన్న నవ్వాడు. గొడ్ల చావిడి పడగొట్టినప్పుడు మిగిలిన వేప ద్వారబంధం ఒకటి ఉంటే, దాన్ని తెచ్చి ఆ గోడలో నిలబెట్టించాడు. దానికి ఇటు వైపు గడియ లేదు, అటు వైపూ లేదు. దగ్గరగా వేస్తే నిలిచేది, మోచేత్తో నెడితే తెరుచుకునేది. చేతుల్లో గిన్నెలు ఉంటాయి కాబట్టి మా ఆడవాళ్ళు దాన్ని మోచేత్తోనే తెరిచేవారు. ఆ చోట చెక్క నున్నగా అరిగిపోయింది.

మూడేళ్ళ కిందట అన్న పోయాడు. మిరప చేలో నీళ్ళు కట్టడానికి వెళ్ళి, గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. పక్క చేనువాళ్ళు ఆటోలో ఆసుపత్రికి తెచ్చేసరికే ప్రాణం లేదు. ఒక్కతే కూతురు, అప్పటికే పెళ్ళి చేసి సత్తెనపల్లి పంపారు. ఆ పిల్ల రమ్మని ఎంత బతిమాలినా వదిన వెళ్ళలేదు. "ఇక్కడ నాకు మా మరిది లేడా?" అంది.

అన్న ఉన్నంత కాలం వదినకు బయటి పని ఒక్కటీ తెలియదు. అన్నీ ఆయనే చేసేవాడు. ఆయన పోయాక అవన్నీ ఆ తలుపులోంచి నా దగ్గరికి రావడం మొదలుపెట్టాయి.

"అబ్బయ్యా, గ్యాసు బుక్కయిందో లేదో చూడు."

"అబ్బయ్యా, ఫోనులో ఏందో వచ్చింది, బ్యాంకు వాళ్ళదా? దొంగలదా?"

"అబ్బయ్యా, మోటారు తిరుగుతంది గానీ నీళ్ళు ఎక్కటంలా."

నేను పొద్దుటి నుంచి కొట్టులో రైతుల మాటలు పడి వచ్చేవాణ్ణి. పురుగు చావలేదని ఒకడు, మొలక రాలేదని ఒకడు. ఇంటికొచ్చి చొక్కా విప్పి కుర్చీలో కూలబడగానే వంటింట్లో తలుపు కిర్రుమనేది. లేచి వెళ్ళేవాణ్ణి. విసుక్కోలేదు. నా మొహంలో విసుగు ఎవరూ చూసి ఉండరు. అంత బాగా దాచుకున్నాను. దాచుకున్నది లోపల పెరిగింది.

ఇల్లు బాగుచేయించాలన్నది మా ఆవిడ మాట. వంటిల్లు చీకటి, గోడలు పెచ్చులూడుతున్నాయి, స్లాబులోంచి చెమ్మ దిగుతోంది. పోయినేడు కొట్టులో కాస్త తెరిపి దొరికాక కాంట్రాక్టర్లను పిలిచాను.

మొదట వచ్చినతను గుంటూరు నుంచి కారులో వచ్చాడు. గోడలు చూడలేదు, ఫోను తీసి చూపించాడు. తెల్లటి వంటిల్లు, అందులో జుట్టు విరబోసుకున్న తెల్లమ్మాయి ఒకతి పళ్ళు కోస్తోంది. మా ఆవిడ ఫోను దగ్గరికి లాక్కుని చూసింది.

"ఆ అమ్మాయి అందులో ఎప్పుడన్నా మిరపకాయ బజ్జీలు వేసిందా, లేదా? పొగ ఎటు పోద్దంట?"

అతను వెళ్ళిపోయాడు, మళ్ళీ ఫోను చేయలేదు.

రెండో అతను మా వాళ్ళలోనే దూరపు చుట్టం. ఏం అడిగినా "నేను చూసుకుంటాగా బావా" అనేవాడు. ఎప్పటికి అవుతుందంటే చూసుకుంటాగా. ఎలా చేస్తావంటే చూసుకుంటాగా. రాతకోతలు ఏమన్నా ఉంటాయా అంటే మొహం ముడుచుకుని, మన మధ్య రాతకోతలేంది అన్నాడు. అక్కడితో భయమేసింది.

మూడో అతను మా పేటలోనే ఉండే సాయిబు మేస్త్రీ. తండ్రి కూడా మేస్త్రీయే. పదింటికి వస్తానన్నవాడు సాయంత్రం వచ్చాడు. ఏమయ్యా అంటే, "ఇసక ట్రాక్టరు రాలేదన్నా" అన్నాడు. మా ఇంట్లో ఇంకా పనే మొదలు కాలేదు, ఇసకకీ మాకూ ఏం సంబంధమని అడిగితే, "వేరే చోట రాలేదు. అక్కడ ఆగితే ఇక్కడ ఆగినట్టే గదా" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఒప్పుకున్నాను. పనిలో ఏడిపించాడు గానీ బాగానే చేశాడు.

అతను గోడల మీద పిడికిలితో కొట్టుకుంటూ ఇల్లంతా తిరిగాడు.

"కొత్త ఇల్లు కట్టటం పెళ్ళి చేసినట్టన్నా, ఎవుడన్నా చేస్తాడు. పాత ఇల్లు బాగుచేయటం మొగుడూ పెళ్ళాలకి రాజీ చేసినట్టు. గోడ పగలగొడితే గానీ లోపల ఏం దాచిపెట్టారో తెలవదు. అప్పుడు నన్ను తిట్టగూడదు, ముందే చెప్తన్నా."

కూలీ కాంట్రాక్టు అతనిది, సామాను మాది అని మాట్లాడుకున్నాం. వంటింట్లో ఎక్కడ ఏం రావాలో నాపరాళ్ళ మీద సుద్దముక్కతో గీశాడు. స్టవ్ ఇక్కడ, సింకు అక్కడ, ఫ్రిజ్ ఆ మూల. మా ఆవిడ గోడ పొడవునా వంటగట్టు కావాలంది. ఆ గోడ వదినకూ మాకూ ఉమ్మడి గోడ. గీత తలుపు దాకా వచ్చి ఆగింది.

"తలుపు ఉంచితే గట్టు ఇక్కడికి ఆగిపోద్ది. ఫ్రిజ్ హాల్లో పెట్టుకోవాల" అన్నాడు మేస్త్రీ. "తలుపు మూస్తే గట్టు చివర దాకా లాగొచ్చు. మీ ఇష్టం."

"అక్క ఎట్టా వస్తది మరి? ఉండనీ. గట్టు పొట్టిగా ఉంటే కొంపలేం మునగవు" అంది మా ఆవిడ.

ఆలోచించి చెబుతానని అన్నాను. ఆలోచించడానికి ఏమీ లేదు. మేస్త్రీ సుద్దముక్క ఆ తలుపు ముందు ఆగినప్పుడే నా మనసులో అది మూసుకుపోయింది. ఆ తలుపు లేకపోతే నా సాయంత్రాలు ఎలా ఉంటాయో ఒక్క క్షణంలో కళ్ళకు కట్టింది.

తర్వాత మా ఆవిడ సిద్ధాంతి గారిని పిలిపించింది. పెద్దాయన. దిక్సూచి అరచేతిలో పెట్టుకుని ఇల్లంతా నిదానంగా తిరిగాడు. స్టవ్ తూర్పు ముఖంగా పెట్టుకోండి అన్నాడు. పైన నీళ్ళ ట్యాంకు ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుకోండి అన్నాడు. అలసిపోయి, సరిగ్గా ఆ తలుపు ముందే నిలబడి మంచినీళ్ళు అడిగి తాగాడు. గ్లాసు మా ఆవిడకిచ్చి ఆమె వెంట వీధి గది వైపు వెళ్ళాడు. తలుపు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆయన్ని సాగనంపి నేను వంటింట్లోకి వచ్చేసరికి వదిన మోచేత్తో తలుపు నెట్టుకుని వచ్చింది. చేతిలో గోంగూర పచ్చడి గిన్నె. మా ఆవిడ ఇంకా వీధిలో ఉంది.

"ఏమన్నాడు అబ్బయ్యా సిద్ధాంతి గారు?"

అప్పుడు అన్నాను. "ఈ తలుపు మంచిది కాదంట వదినా. మూసేయాలంట."

"అదేంది? ఇన్నాళ్ళు తిరిగిందేగా!"

ఆమె ఇంకా ఏదో అడగబోయింది. అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎదురు మాట్లాడటానికి వీల్లేని మాట ఏదో ఒకటి కావాలి. నోటికి వచ్చింది వచ్చినట్టు అనేశాను.

"ఇంట్లో మగోళ్ళకి అచ్చిరాదంట."

ఆ మాట నా నోట్లోంచి వచ్చేటప్పుడు నాకు మా అన్న గుర్తుకు రాలేదు. ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఇది నిజం. మగోళ్ళు అంటే నేనూ, హైదరాబాదులో చదువుకుంటున్న మా అబ్బాయీ అనే నా లెక్క. అచ్చిరానిది ఆమె ఇంట్లో ఇప్పటికే జరిగిపోయిందన్న సంగతి నాకు తట్టలేదు.

వదిన వెనక్కి తిరిగి తలుపు వంక చూసింది. "అట్నా" అంది. పచ్చడి గిన్నె గట్టు మీద పెట్టింది. "అయితే మూయించు అబ్బయ్యా. ఆలస్యం చేయమాక."

తిరిగి వెళ్ళేటప్పుడు ఆ తలుపులోంచి వెళ్ళలేదు. మా హాలు దాటి, వీధిలోకి దిగి, చుట్టూ తిరిగి తన గుమ్మంలోకి వెళ్ళింది. అది నేను చూశాను. చూసి, గొడవ లేకుండా పని అయిందనుకున్నాను.

మా ఆవిడకు కూడా అదే మాట చెప్పాను. నీళ్ళు తాగి వెళ్ళేముందు నాతో విడిగా చెప్పాడన్నాను. నమ్మింది. మేస్త్రీతో మాత్రం సిద్ధాంతి గారు ఏమీ అనలేదని చెప్పి, వదిన అడిగితే నువ్వూ వాస్తు అనే చెప్పమన్నాను. అతను చెవులు మూసుకున్నాడు.

"నాకెందుకన్నా! రేపొస్తా రేపొస్తా అని చెప్పే అబద్ధాలకే పైన ఏం సమాధానం చెప్పుకోవాలా అని చస్తన్నా. కొత్తవి నాకు తగిలించమాక."

అతను చెప్పాల్సిన అవసరం రాలేదు. వదినే రోజూ వీధి గుమ్మంలో నిలబడి అతన్ని అడిగేది. "మేస్త్రీ, ఇంకా మూయలేదేంది? ముందు ఆ పని చూడు." ఇటుకలు రాలేదంటే, తన పెరట్లో పాత ఇటుకలు ఉన్నాయి తీసుకోమంది.

"ఆమె మీ కంటే తొందరపడతందన్నా" అన్నాడు మేస్త్రీ, నా వంక అదోలా చూస్తూ.

ద్వారబంధం ఊడదీసి మిద్దె మీద పడేశారు. వదిన ఇచ్చిన ఇటుకలతోనే ఆ సందు పూడ్చారు. సిమెంటు పూసి, తెల్ల టైల్సు అతికించి, గోడ పొడవునా నల్ల గ్రానైట్ గట్టు లాగారు. మూల ఫ్రిజ్ నిలబడింది. అక్కడ తలుపు ఉండేదని కొత్తవాళ్ళు పోల్చుకోలేరు.

ఆ తర్వాత కొన్ని నెలలు నాకు హాయిగానే గడిచింది. దీన్ని దాచి రాస్తే ఇది రాసి లాభం లేదు. కొట్టు కట్టేసి వచ్చి చొక్కా విప్పి కూర్చుంటే ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. వదిన గ్యాసు ఎలా బుక్ చేస్తోందో, ఫోనులో వచ్చేవి ఎవరితో చదివించుకుంటోందో నేను కనుక్కోలేదు. ఎప్పుడైనా మా ఆవిడ వీధి చుట్టూ తిరిగి ఏదన్నా ఇచ్చి వచ్చేది. వదిన మాత్రం మా ఇంటికి రావడం బాగా తగ్గించింది. వచ్చినా హాల్లో కుర్చీ అంచు మీద కూర్చునేది, వంటింట్లోకి అడుగు పెట్టేది కాదు. నేను ఎదురొస్తే పక్కకు తప్పుకునేది. ఎడం పెంచుకుందిలే, పోనీ అనుకున్నాను.

ఈ ఏడు అన్నకు తద్దినం పెట్టుకునే రోజు వచ్చింది. వంటంతా వదిన ఇంట్లోనే. మా ఆవిడ తెల్లవారకముందే సాయానికి వెళ్ళింది. నేను స్నానం చేసి విస్తరాకుల కట్ట తీసుకుని వెళ్ళాను. పెరట్లో కూర్చుని ఆకులు తుడుస్తుంటే, వంటింటి కిటికీలోంచి వాళ్ళ మాటలు వినబడ్డాయి. గారెలు వేస్తున్నారు.

"ఎందుకక్కా ఇట్టా చిక్కిపోయావు? నిద్రపోతన్నావా అసలు?" అని అడిగింది మా ఆవిడ.

చిల్లుల గరిటె బాండీ అంచుకు తగిలిన చప్పుడైంది.

"ఆ తలుపు అడిగింది నేనే గదమ్మాయ్" అంది వదిన. "మామయ్య వద్దన్నా పట్టుబట్టా. నోరు మూసుకొని ఉన్నట్టయితే ఆయన ఉండేవాడు."

"అదేం మాటక్కా!"

"నిజమే గదా. మగోళ్ళకి అచ్చిరాదని సిద్ధాంతి గారు చెప్పాడు. ఆ తలుపులోంచి ఎక్కువ తిరిగింది ఎవురు? నేనే. కూర గిన్నె కోసమని పెట్టించి, మొగుణ్ణి పోగొట్టుకున్నా. ఇప్పుడు మీ ఆయన్ని చూస్తే భయమేస్తది నాకు. మిగిలింది అబ్బయ్యొక్కడే. నా నీడ కూడా ఆయన మీద పడకూడదని తప్పుకు తిరుగుతన్నా."

తుడిచిన ఆకులు లోపల ఇచ్చాను. ఆ రోజు ఆకులో ఆమె వడ్డించినవన్నీ తిన్నాను. అన్న ఫొటోకు దండం పెడుతూ ఆమె ఏం అడుగుతోందో నాకు తెలుసు. తప్పు కాయమని అడుగుతోంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. గుమ్మంలో ముగ్గు వేస్తోంది. నన్ను చూసి పక్కకు జరిగింది.

"వదినా, సిద్ధాంతి గారు ఆ తలుపు గురించి ఏమీ అనలేదు. నేనే కల్పించి చెప్పా. వంటగట్టు పొడుగ్గా రావాలని చెప్పా."

ముగ్గు అంటిన వేళ్ళతోనే తలెత్తి నా వంక చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వులో జాలి ఉంది, అదీ నా మీద.

"నిన్న మా మాటలు ఇన్నావా? మీ ఆవిడ చెప్పిందా? నీ మనసు నాకు తెలవదా అబ్బయ్యా! నేను బాధపడతన్నానని ఇట్టా చెప్తన్నావు. గట్టు కోసం ఎవురన్నా అంత మాట అంటారా? నువ్వు అనవు."

నేను అననని ఆమెకు నా మీద నమ్మకం. ఆ నమ్మకం ముందు నా నిజం నిలబడలేదు.

వదినకు చెప్పిందే మా ఆవిడకూ చెప్పాను. ఆమె అరవలేదు. "నా గట్టు మీద పెట్టావన్నమాట" అంది. చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

సిద్ధాంతి గారి ఇంటికి వెళ్ళి, ఆయన పేరు ఎలా వాడుకున్నానో చెప్పి క్షమించమన్నాను. ఒక్కసారి మా ఇంటికి వచ్చి, ఆ మాట మీరు అనలేదని వదినకు చెప్పమన్నాను. ఆయన కోప్పడలేదు. కొంచెంసేపు గడ్డం నిమురుకున్నాడు.

"నేనొచ్చి అనలేదంటే, నువ్వు బతిమాలి చెప్పించావనుకుంటది. ఆడవాళ్ళ మనసులో దిగిన మాట అట్టా పోదు. ఒక పని చేద్దాం. చిన్న శాంతి చేయిస్తా. దోషం పోయింది, తలుపు మళ్ళీ తెరుచుకోవచ్చని చెప్తా. అది నమ్ముద్ది. పూర్వంలాగానే వచ్చిపోతా ఉంటది."

నాకు ప్రాణం లేచొచ్చింది. దారిలో మేస్త్రీ కనబడితే చెప్పాను. "మంచి ఐడియా అన్నా, అందరికీ మర్యాద దక్కుద్ది. ఆ బంధం మిద్దె మీదే ఉంది, మళ్ళీ నిలబెట్టేస్తా" అన్నాడు.

బండి మీద ఇంటికి వస్తూ, ఆ మాట సిద్ధాంతి గారు వదినకు చెబుతున్నట్టు ఊహించుకున్నాను. అమ్మా, ఆ తలుపుకు దోషం పోయింది. అంటే అంతకు ముందు ఉందన్నమాట. అన్న పోయిన నాటికి ఉందన్నమాట. ఆమె మళ్ళీ కూర గిన్నెతో మా వంటింట్లోకి వస్తుంది, నాకు అంతా బాగుపడినట్టు కనబడుతుంది. ఆమె మాత్రం మొగుణ్ణి తనే చంపుకున్నానని బతికినంత కాలం నమ్ముతూనే ఉంటుంది. దానికి ఈసారి సిద్ధాంతి గారి నోటి సాక్ష్యం కూడా తోడవుతుంది.

ఆయనకు ఫోను చేసి శాంతి వద్దన్నాను.

మంగళవారం పొద్దున్నే మేస్త్రీని రమ్మన్నాను. గోడ పని మంగళవారం మొదలుపెట్టరన్నా, మీవాళ్ళే ఒప్పుకోరు అన్నాడు. అచ్చిరాకపోవడాలేమీ లేవని వదిన కళ్ళారా చూడాలి, అందుకే రమ్మన్నానని చెప్పాను. ఆ రోజు మాత్రం చెప్పిన వేళకు వచ్చాడు. ఫ్రిజ్ జరిపాం. గ్రానైట్ కోసే మిషను మోతకు వంటింట్లో మాట వినబడలేదు. మోత ఆగాక సుత్తి దెబ్బ పడింది. తెల్ల టైలు పగిలి కిందికి జారింది.

రెండో దెబ్బకే వదిన వీధిలోంచి పరుగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా లేవు. అన్ని నెలలకు మొదటిసారి మా వంటింట్లో అడుగు పెట్టింది.

"ఆపు మేస్త్రీ! ఒరేయ్, ఆపమంటన్నానా! నీకేమన్నా పిచ్చా అబ్బయ్యా? మంగళారం పూట ఏందీ పని? నువ్వొక్కడివే మిగిలావు. నిన్ను కూడా పోగొట్టుకోమంటావా?"

గోడకు వీపు ఆనించి, చేతులు చాపి నిలబడింది. మా ఆవిడ స్టవ్ దగ్గర ఉంది. మేస్త్రీ సుత్తి దించాడు.

"వదినా, సిద్ధాంతి అనలేదు."

"మళ్ళీ అదే మాట!"

"గట్టు కోసం కూడా కాదు." ఇది నేను అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకూ చెప్పలేదు. "గట్టు పొట్టిగా పెడితే తలుపు ఉండేది. మేస్త్రీ అప్పుడే చెప్పాడు, అడుగు. నువ్వు వస్తంటే నాకు విసుగొచ్చింది వదినా. కొట్టు కట్టేసి వచ్చి కూర్చోగానే ఈ తలుపు చప్పుడైతే ఒళ్ళు మండేది. గ్యాసనీ, ఫోననీ, మోటారనీ. అన్న పోయి నిన్ను నా నెత్తిన పెట్టాడనుకున్నా. రావద్దని నీ మొహం మీద చెప్పలేక, తలుపు మీద పెట్టి చెప్పా. నువ్వు ఎదురు అడగకుండా ఉండాలని మగోళ్ళకి అచ్చిరాదన్నా. ఆ మాట అనేటప్పుడు అన్న గుర్తు రాలేదు నాకు."

వదిన చేతులు మెల్లగా కిందికి దిగాయి. నా మొహంలోకి చూసింది. నేను కళ్ళు దించలేదు. ఈసారి ఆ చూపులో జాలి లేదు. అందుకే నమ్మిందని తెలిసింది. ఎదుటి మనిషిని ఓదార్చడానికి ఎవరూ ఇలాంటి మాట కల్పించరు.

"అట్నా" అంది.

మళ్ళీ అదే మాట.

"ఈ మాట ఆనాడే అన్నట్టయితే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని గదా. నా తలుపు నేనే మూసుకునేదాన్ని. దానికి ఆయన చావును తీసుకొచ్చి నా మీద ఎందుకు పెట్టావు?"



ఆమె పగిలిన టైలు ముక్కల మీద నుంచి నడిచి వెళ్ళిపోయింది. మా ఆవిడ చెప్పులు తీసుకుని వెనకాలే పరుగెత్తింది. మేస్త్రీ నా వంక చూడకుండా, గోడతో మాట్లాడుతున్నట్టు అడిగాడు.

"కొట్టమంటావా, ఆపమంటావా?"

నేను నోరు తెరిచే లోపే గోడ అవతలి నుంచి వదిన గొంతు వినబడింది. "కొట్టు మేస్త్రీ. సగంలో ఆపితే ఈ దుమ్మంతా ఎవుడు ఊడుస్తాడు?"

పని అవడానికి వారం పైనే పట్టింది. మిద్దె మీద ఎండకూ వానకూ పడి ఉన్న వేప బంధాన్నే కడిగి నిలబెట్టాడు. గట్టు మధ్యలో తెగినట్టు కనబడుతుంది. ఫ్రిజ్ హాల్లోకి వచ్చింది. చూసినవాళ్ళు ఇదేం పని, మేస్త్రీ చెడగొట్టాడా అని అడుగుతారు. అతని తప్పేమీ లేదు. సిద్ధాంతి గారి తప్పు అంతకంటే లేదు. వీధి చివరింటాయనకు కూడా చెప్పాను. ఆయన తలుపు ఇంకా తెరవలేదు. నేనేదో దాస్తున్నానని ఆయన అనుమానం.

వదిన కాస్త తేరుకుంది. నిద్ర పడుతోందని మా ఆవిడతో చెప్పిందట. మొన్న కూతురి దగ్గరికి సత్తెనపల్లి వెళ్ళి కొన్నాళ్ళు ఉండి వచ్చింది. గ్యాసు తనే బుక్ చేసుకుంటోంది. ఫోనులో వచ్చేవి ఎదురింటి అమ్మాయితో చదివించుకుంటోంది. మోటారు చెడిపోతే మెకానిక్‌ను తనే పిలిపించుకుంటోంది. నన్ను దేనికీ పిలవదు.

తలుపు బిగించిన రోజున ఆమె మేస్త్రీని ఒక్కటే అడిగింది. తన వైపు ఒక గడియ పెట్టమంది. మా నాన్న పెట్టించిన నాటి నుంచీ ఆ తలుపుకు గడియ లేదు. మేస్త్రీ నా వైపు చూశాడు. పెట్టమన్నాను.

ఇప్పుడు సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చాక, కూర్చోకముందే ఆ తలుపు దగ్గరికి వెళ్ళి తడతాను. ఏమన్నా పనుందా వదినా అని అడుగుతాను. ఒక్కోసారి గడియ తీసి, ఏమీ లేదబ్బయ్యా అని చెప్పి వేసుకుంటుంది. ఒక్కోసారి తీయకుండానే లోపలి నుంచి, పనిలో ఉన్నా అంటుంది. నిజంగా పనిలో ఉందో లేదో నేను అడగను. మర్నాడు మళ్ళీ తడతాను.